పడవ రెయిలింగు కోసం చంద్రపూర్ దాకా

ఇత్తడి రెయిలింగు విరిగిన మర్నాడే బస్సెక్కాను. ఆదివారం దాకా ఆగమన్నారు ఇంట్లోవాళ్లు. నావల్ల కాలేదు.

సిరోంచలో మాకు బట్టల దుకాణం. నిరుడు పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి పడిపోయింది. తర్వాత చెయ్యి లేచింది కానీ వేళ్లకు పట్టు రాలేదు. సన్నటి పనులు చేస్తూ ఉండమన్నారు డాక్టరు. మా ఆడబిడ్డ నాగపూర్ నుంచి నమూనా పడవ తయారుచేసే పెట్టె పంపింది. చెక్క ముక్కలన్నీ వానాకాలంలో అతికించేశాను. పై అంతస్తు చుట్టూ పెట్టే రెయిలింగు ఒక్కటే మిగిలింది. అది కాగితమంత పల్చని ఇత్తడి రేకు. వంచాల్సిన చోట సన్నని గీత ఉంటుంది. కనుబొమల పట్టకారుతో వంచబోతే గీత పక్కన వంగింది. సరిచేద్దామని వెనక్కి వంచితే విరిగింది. పెట్టెలో ఇంకొక్క రేకే ఉంది.

"నేనొస్త తోడు" అన్నారు మా ఆయన.

"వద్దు. మీరు దుకానం చూస్కోండ్రి" అన్నాను. జబ్బు తర్వాత నేను ఒంటరిగా ఊరు దాటడం అదే మొదటిసారి.

ఉదయం ఆరున్నరకు చంద్రపూర్ ఎర్రబస్సు. ఆడవాళ్లకు సగం టికెట్టే. ఈ దారిన వెళ్లేవాళ్లు మధ్య సీటు చూసుకోండి. వెనక కూర్చుంటే ఆలాపల్లి దాకా గుంతలు ఎగరేస్తూనే ఉంటాయి. రేకును రెండు అట్టల మధ్య పెట్టి, టిఫిన్ డబ్బాలో దాచి, ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా మూత తీసి చూసుకున్నాను.

పక్కసీటులో పోచక్క అనే ఆమె. ప్రాణహిత ఒడ్డున వరి పండిస్తారట. ఆష్టిలో బిడ్డ ఇంటికి పోతోంది.

"ఏడికి పోతున్నవక్కా?" అంది.

"చంద్రపూర్. రేకు వంచే సామాను కొనాలె."

"ఇల్లు కప్పుతున్నరా?"

ఫోన్‌లో పడవ ఫొటో చూపించాను. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నా కుడివైపు చూసి, "మరి గా చెయ్యి కొంగుల ఎందుకు దాస్తున్నవ్?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆష్టిలో దిగేటప్పుడు ఆమె నా భుజం తట్టి పోయింది.

వైనగంగ దాటి, మధ్యాహ్నం దాటాక చంద్రపూర్ చేరాం. బస్టాండు దగ్గర లాడ్జిలో సంచి పడేసి, తిండి సంగతి మరిచి బయటపడ్డాను. కంసాలి పనిముట్లు, గడియారాల సామాను అమ్మే కొట్టు వెతికి పట్టుకున్నాను. యజమాని బల్లార్‌పూర్ తెలుగాయన. మూడు రకాలు బల్లమీద పెట్టాడు: నున్నటి మూతి పట్టకారు, రేకును నొక్కిపట్టే చిన్న బిగింపు, అలాంటిదే బరువైన ఉక్కు పలకతో పెద్దది.

"పట్టకారు సాలమ్మా. అందరు గదే కొంటరు" అన్నాడు.

నాకూ అదే కావాలనిపించింది. అందరిలా పట్టకారు పట్టుకుని ఇంటికి వెళ్లాలనుంది. ఆయనిచ్చిన తుక్కు రేకు మీద ప్రయత్నించాను. జారింది. మళ్లీ పట్టాను. మళ్లీ జారి నేలమీద పడింది. ఆయన వంగి తీసిచ్చాడు. మూడోసారి జారినప్పుడు ఆయన నా వేళ్లకేసి చూశాడు.

"నా కుడిచేతికి పట్టు లేదు. పట్టుకునే పని సామానే చెయ్యాలె" అనేశాను. ఏడాదిగా కొత్తవాళ్లెవరికీ ఈ మాట చెప్పలేదు.

ఆయన పట్టకారు పక్కన పెట్టాడు. చిన్న బిగింపు కింద రేకు పెట్టి ఎడమచేత్తో మర తిప్పాను. బిగింపే బల్లమీద తిరిగిపోయింది. పెద్దది కదల్లేదు. రేకు బిగించి, దాంతోపాటు వచ్చే పల్చని ఉక్కుపట్టీని గీత దగ్గర రేకు కిందికి దూర్చి, ఒక్కచేత్తో పైకి లేపాను. గీత వెంబడే మడత పడింది.

"ఇదే ఇయ్యండ్రి."

"బరువైతదమ్మా."

"కానియ్యండ్రి" అన్నాను.

మర్నాడు తిరుగు బస్సు ఆష్టిలో టైరు పంక్చరై ఆగింది. హోటల్లో చాయ్ తాగి, అటూ ఇటూ తిరిగి, మళ్లీ కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా ఆగలేనని తెలిసిపోయింది. బల్ల తుడిపించి సామాను పరిచాను. హోటలామె వచ్చి రేకు మీదికి వంగింది.

"జర ఊపిరి దూరంగ ఇడువమ్మా, ఎగిరిపోతది" అన్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది.

మూడు మూలలు చక్కగా వచ్చాయి. నాలుగోది వంచుతుంటే డ్రైవరు హారన్ కొట్టాడు. ఉలిక్కిపడ్డాను. మూల కొంచెం ఎక్కువ వంగింది.

"సక్కగ చెయ్యరాదా?" అంది హోటలామె.

వేలు దాని మీదికి పోయింది. వెనక్కి వంచితే విరుగుతుంది. వేలు తీసేశాను. "గట్లనే ఉండనీ" అన్నాను. ఇంట్లో గోడమీది పటం వంకర ఉన్నా నిద్రపట్టని మనిషిని నేను.

ఈ దారిలో దుమ్ము ఎక్కువ, బస్సులు తక్కువ. ఒంట్లో బాగోలేనివాళ్లు ఒకరాత్రి చంద్రపూర్‌లో ఆగితేనే నయం. అయినా నన్నడిగితే, వెళ్లి చేత్తో పట్టుకుని చూడకుండా పనిముట్టు కొనొద్దంటాను. ఎవరి చేతికి ఏది ఒదుగుతుందో బల్లమీదే తేలుతుంది.

పొద్దుగూకే వేళకు సిరోంచ. మా ఆయన బస్టాండులో ఎదురుచూస్తున్నారు. "గింత బరువేంది?" అంటూ సంచి అందుకున్నారు. రెయిలింగు పెట్టిన డబ్బా కోసం కూడా చెయ్యి చాపారు. ఇవ్వలేదు. కుడిచేత్తోనే పట్టుకుని, మెల్లగా బస్సు మెట్లు దిగాను.