నేను నడిపిన బండి

ఆ సాయంత్రం కంకిపాడులో మా ఆవిడ అక్కగారింటి నుంచి బెజవాడకు బయలుదేరాం. కోతల కాలం. దారి పొడుగునా రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోసి ఉంది. బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. కొన్నిచోట్ల ధాన్యం ఎత్తేశారు గాని, రాళ్ళు అక్కడే వదిలేశారు.

ఆటోనగర్‌లో నేను పనిచేసే షెడ్డు నుంచి ఫోనొచ్చింది. బండి ఆపకుండానే ఫోను హెల్మెట్‌లోకి దోపి మాట్లాడుతున్నాను. ముందుచక్రం రాయెక్కింది. నేను ధాన్యం మీద పడ్డాను. మోచేతులు గీసుకుపోయాయి, అంతే. ఆమె రోడ్డు మీద పడింది. వెనక నుంచి వస్తున్న ట్రాలీ ఆటో ఆమె కుడి మోకాలి కిందుగా ఎక్కి దిగింది.

ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఎముకంటే తెల్లగా ఉంటుందనుకునేవాణ్ణి. మట్టీ నెత్తురూ కలిసి ఏ రంగో తెలియలేదు. ఆమె ఏడవలేదు. "చీర కిందికి లాగండి" అంది. ధాన్యం దగ్గర కాపలా ఉన్న రైతు పరిగెత్తుకొచ్చి, కర్రముక్క ఆనించి తన తువ్వాలుతో కాలు కట్టాడు. ఆ ఆటోలోనే ఆమెను ఆసుపత్రికి తెచ్చాం.

స్ట్రెచర్ పక్కన కానిస్టేబుల్ కాగితం పట్టుకుని, "ఎట్టా జరిగిందండీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె, "ఎదురెండ అండీ. కళ్ళల్లో పడి రాయి కనబళ్ళేదు" అంది. నేను తలూపాను.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. లోపల రాడ్ వేశారు. పుండు చీము పట్టింది. రాడ్ తీసేసి, కాలి చుట్టూ ఇనుప రింగులు బిగించి, చర్మంలోంచి ఎముకలోకి సన్నటి కడ్డీలు దింపారు. ఎనిమిది నెలలు ఉన్నాయవి. వాటి చుట్టూ రోజూ నేనే శుభ్రం చేసేవాణ్ణి. దూది తగిలిన ప్రతిసారీ ఆమె పళ్ళు బిగబట్టేది. అంతకుముందు ఇంట్లో జాకెట్లు కుట్టేది. మిషన్ మీద దుప్పటి కప్పేశాం.

ఒక ఉదయం కట్టు మారుస్తూ ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆరోజు నేను ఫోన్లో ఉన్నాను."

"తెలుసు. వెనకాల కూర్చుంది నేనేగా. ఆపమని రెండుసార్లు భుజం తట్టాను."

ఆ తట్టడం నాకు ఇప్పటికీ గుర్తు రాదు.

"మరి పోలీసాయనకి చెప్పలేదేం?"

"మిమ్మల్ని స్టేషనుకి తీసుకుపోతే నా దగ్గర ఎవరుంటారండీ?"

నా మీద ప్రేమతో అలా చెప్పిందనుకున్నాను అన్నాళ్ళూ.

రింగులు తీశాక చూస్తే కాలు అంగుళం కురచ. చీలమండ వంగదు. ఒకవైపు మడమ ఎత్తు పెంచిన చెప్పులతో నడుస్తుంది. మిషన్ అమ్మేసింది, నాతో ఒక్కమాట అనలేదు. నా బండి ఎక్కదు. అక్కగారింటికి బస్సులోనే వెళ్తుంది. మొన్న తోడు వెళ్ళి, ఆమె బస్సెక్కుతుంటే చెయ్యి చాపాను. ఆమె తలుపు పక్కన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కి, లోపలికి వెళ్ళి కూర్చుంది.