జమీలా అడిగిన కాంపోజిట్ లెక్కలు

1962 జూన్. నాయుడుపేట పక్కన ఒక హైస్కూల్లో నేను గుమాస్తాని. బడి తెరిచిన మొదటి వారం నా దగ్గరికి ఎవరొచ్చినా కరిచేవాణ్ణి. అడ్మిషన్లు, టీసీలు, వాటి మీద ఆప్షన్ ఫారాలు!

ఆప్షన్ ఫారం అంటే, నాలుగో ఫారంలోకి, అంటే తొమ్మిదో తరగతిలోకి వచ్చే పిల్లలు ఏ సబ్జెక్టులు చదువుతారో రాసిచ్చే కాగితం. లెక్కల్లో రెండు రకాలుండేవి. జనరల్ మ్యాథమెటిక్స్ సంసారానికి సరిపోయే లెక్కలు. కాంపోజిట్‌లో ఆల్జీబ్రా, జామెట్రీ దండిగా ఉండేవి. కాంపోజిట్ తీసుకోకపోతే కాలేజీలో లెక్కల గ్రూపు దొరకదు. ఫారం నెల్లూరు విద్యాశాఖ ఆఫీసుకు చేరిందంటే ఎస్సెస్సెల్సీ అయ్యేదాకా మార్చడానికి లేదు.

ఆడపిల్లల ఫారాలు నేనే ముందుగా నింపి పెట్టేసేవాణ్ణి. జనరల్ మ్యాథమెటిక్స్, కుట్టుపని. అందరికీ అదే. వాళ్లు నాన్న చేత సంతకం పెట్టించుకొస్తే చాలు. పని తొందరగా తెమిలేది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ ఏడు జమీలా అనే పిల్ల సంతకం లేకుండానే ఫారం వెనక్కి తెచ్చింది. బస్టాండు దగ్గర బట్టలు కుట్టే మస్తాన్ కూతురు.

"ఇది నాది కాదు సార్."

"నీ పేరే గదా ఉండేది?"

"పేరు నాదే. లెక్కలు నావి కావు. నాకు కాంపోజిట్ కావాల."

ఒళ్లు మండింది. "ఫారాలు లెక్కబెట్టి పంపిస్తారు మే! నువ్వు పాడుచేస్తే ఇంకోటి యాడ నుంచి తెచ్చేది?" అని కసిరాను. పిల్ల కదల్లేదు. పోయి టీచర్లను అడుక్కోమని తరిమాను.

అడిగింది. కుట్టు టీచరమ్మ, "రెండు క్లాసులూ ఒకే గంటలో వస్తాయి, కుట్టు పోగొట్టుకుంటావా?" అన్నారట. "కుట్టు మా నాయన నేర్పిస్తాడు టీచర్, ఆయనకు రానివి లెక్కలే" అందట. ఆ మాటకు స్టాఫ్ రూమంతా నవ్వారు గానీ, లెక్కల మాస్టారు సుబ్బరామయ్యగారు నవ్వలేదు. పై తరగతులకు మాత్రమే చెప్పే మనిషి, మహా పట్టుదల.

"ఆడపిల్లకు కాంపోజిట్టా! మధ్యలో వదిలేసి పోతాది. నా క్లాసులో ఒక బెంచీ వృథా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల మళ్లీ నా బల్ల ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నాకు లెక్కలు రావని ఎవురూ అనలా సార్. ఆడపిల్లవి అన్నారు, అంతే."

రిజిస్టరు తీశాను. మా బళ్లో హాజరైనా, మార్కులైనా మగపిల్లల పేర్లు ముందు, అవన్నీ అయ్యాక ఆడపిల్లల పేర్లు. ఏళ్ల తరబడి అదే పద్ధతి. ఆడపిల్లల మార్కులు మగపిల్లల మార్కుల పక్కన పెట్టి చూసినవాడు లేడు.

ఆ మధ్యాహ్నం కాంపోజిట్ కోరినవాళ్ల జాబితా రాసిమ్మని హెడ్మాస్టరుగారు అడిగారు. మూడో ఫారం మార్కులు చూసి సుబ్బరామయ్యగారు ఎంచుకోవాలి. నేను పేర్లు రాయలేదు. అడ్మిషన్ నంబర్లు, ఎదురుగా లెక్కల మార్కులు, ఎక్కువ నుంచి తక్కువకు రాశాను. జమీలా నంబరు కూడా అందులో కలిపాను. పెద్దవాళ్లతో పరాచికాలాడే ఉద్యోగం కాదు నాది.

మాస్టారు హెడ్మాస్టరుగారి ముందే కూర్చుని ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయారు. మూడో నంబరు దగ్గర ఆగి, "భలే! ఎవుడయ్యా రమణయ్యా ఈ పిల్లోడు? ముందు బెంచీలో కూర్చోబెట్టాల" అన్నారు నా వైపు తిరిగి.

"పిల్లోడు కాదు సార్. టైలర్ మస్తాన్ కూతురు."

మాస్టారు నన్ను కొరకొరా చూశారు. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, "టిక్కు పెట్టేసినారు గదా మాస్టారూ" అన్నారు. ఆ తుడుపంతా నవ్వు దాచుకోవడానికే.

"పెట్టినాను. కొట్టెయ్యను. కానీ ముందు బెంచీనే! నిద్రపోతే నేనూరుకోను" అన్నారు మాస్టారు. మనసులోనే ఆయనకు దండం పెట్టాను.

సాయంత్రం మస్తాన్ వచ్చాడు, మెడలో కొలత టేపుతోనే. బీరువాలో మిగిలున్న ఒక్క ఫారం తీసి, నింపి ముందు పెట్టాను. "ఏం రాసినారో చదవండి సార్, నాకు చదువు లేదు" అన్నాడు. చదివాను. "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ చదివాను. వేలిముద్ర వేసి, ఆ వేలిని తలకు రాసుకుని, నవ్వుకుంటూ పోయాడు.

జమీలా క్లాసులో నిద్రపోలేదు. మొదటి క్వార్టర్లీలో బోర్లా పడింది, మాస్టారి చేత చీవాట్లు తింది, ఏడ్చింది, మళ్లీ లేచింది. ఎస్సెస్సెల్సీ గట్టెక్కి, నెల్లూరు కాలేజీలో లెక్కల గ్రూపుకు టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజున సుబ్బరామయ్యగారే వెంట వచ్చి, "తొందరగా రాయవయ్యా, పాపకు బస్సు పోతాది" అని నన్ను గదమాయించారు. ఆ సంబరం చూసి తీరాల్సిందే.

ఈ కథ చెప్పినప్పుడల్లా, మంచి ఉపాయం చేశావయ్యా అని అందరూ నన్ను మెచ్చుకుంటారు. నాకు సిగ్గేస్తుంది. మాస్టారికి ఆ పిల్ల మార్కులు తెలియవు. మూడేళ్లు వాటిని రిజిస్టర్లో ఎక్కించింది నేను. తెలిసి తెలిసి, అదే చేత్తో ఆమె ఫారంలో జనరల్ అని రాశాను.