స్టవ్వు నాది, సిలిండర్ ఆమెది

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులల్ల దిల్‌సుఖ్‌నగర్ల ఒక అర్ర కిరాయికి తీసుకొని నేనూ, ఒక గుంటూరు పిల్లా, ఇద్దరం ఆడపిల్లలమే ఉండేటోళ్లం. ఆమె కోచింగ్‌కు పోయేది. నేను యూనివర్సిటీల పరిశోధన చేస్తున్న. అణుబాంబులున్న రెండు శత్రుదేశాల నడుమ నిలకడ ఎంతుందో కొలుచుడు నా టాపిక్కు. ముందుగాల కొట్టినోడికి లాభం లేదనుకో, నిలకడ ఉన్నట్టు. గింతే సంగతి. దీన్నే సాగదీసి థీసిస్ చెయ్యాలె.

మా అర్రల స్టవ్వు నాది, చిన్న సిలిండర్ ఆమెది. ఎవరు అలిగినా ఇద్దరికీ బువ్వ లేదు. తెలంగాణ మీద రోజూ కొట్లాటే. "అయితే నన్ను పొమ్మంటావా?" అని ఆమె గిన్నె ఠప్పున పెట్టేది. అయినా అన్నం ఒకే కుక్కర్ల ఉడికేది. నేను మురిసిపోయి నోట్‌బుక్కుల మార్కులేసిన: మా నిలకడకు పదికి తొమ్మిది.

ఒకపారి మాటకు మాట పెరిగి, "మీవోళ్లంతా గంతే" అని నోరు జారిన. రెండు దినాలు మాటల్లేవు. నాకు పానం కొట్టుకున్నది. గీ పట్నంల నాకున్న దోస్తు ఆమె ఒక్కతే.

మూడోనాడు పొద్దుగాల చూస్తే, ఆమె సిలిండర్ ఎత్తుకొని గడప దాటుతున్నది. తెల్లారితే బంద్. ఓహో, పోతున్నదన్నమాట! యాడికని అడుగుడు నాకు నామోషీ. నేనేమన్న తక్కువ తిన్ననా? ఆమె మెట్లు దిగంగనే స్టవ్వును దుప్పట్ల చుట్టి మంచం కిందికి తోసిన. నోట్‌బుక్కుల తొమ్మిది కొట్టేసి సున్నా పెట్టిన. పోయేదానికి నా స్టవ్వుతోని ఏం పని? గా తెలివి గప్పుడు రాలే.

మధ్యాహ్నం తలుపు దబదబ కొట్టిన్రు. తీస్తే ఆమెనే, చెమటల తడిసి, నిండు సిలిండర్‌తోని.

"ఇక్కడ షాపుల్లో గ్యాస్ లేదంటే ఎల్బీ నగర్ దాకా వెళ్లానే. రేపు బంద్ కదా, నువ్వేం తింటావ్? జరుగు, అన్నం పెడతా. స్టవ్ ఏది?"

"కడుగుదామని తీసిన."

ఆ అర్రలకొచ్చినంక నేను స్టవ్వు కడిగిన పాపాన పోలే. అది ఆమెకూ ఎరుకే. వంగి మంచం కింద చూసింది. దుప్పట్లకెళ్లి స్టవ్వు కాలు బయటికొచ్చి ఉన్నది.

"నేను వెళ్లిపోయాననుకున్నావా?"

నాకు ఏడుపొచ్చింది. తలూపిన.

"దేశాల్ని కొలుస్తావంట, పెద్ద! నా బట్టలన్నీ దండెం మీదే ఉన్నాయి కదే, కనపళ్లేదా?"