మూడో పాప్లార్ కొన

నారిస్ హెబ్డెన్ సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసేవాడు. స్కెల్బీ చుట్టుపక్కల మురుగు కాలువ లేని ఇళ్లన్నిటికీ ఆయనే దిక్కు. ఆయన లారీ వచ్చిందని తెలుసుకోవడానికి ఎవరూ కిటికీలోంచి తొంగిచూడనక్కర్లేదు. ఆదివారాలు మాత్రం తెల్ల చొక్కా మీద ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని, తనకన్నా పొడుగైన విల్లు భుజాన పెట్టుకుని మా ఊరి మైదానానికి వెళ్లేవాడు.

అక్కడ ఆడే ఆట పేరు క్లౌట్. మైదానం ఆ చివర నేలలో ఒక చిన్న జెండా పాతుతారు. ఈ చివర గీత మీద నిలబడి ఆకాశంలోకి బాణం వదిలితే, అది పైకి లేచి, వంగి, జెండా దగ్గర దిగబడాలి. గీతకూ జెండాకూ మధ్య నూట ఎనభై గజాలు. మావాళ్లు తొమ్మిది ఇరవైలంటారు. మగవాళ్ల వంతు అయిపోయాక ఆడవాళ్లు నలభై గజాలు ముందున్న గీత మీదకు వెళ్లి అదే జెండాకు వేస్తారు. ఆ తరువాత జెండా మొదట్లో కట్టిన తాడును నేలమీద చుట్టూ తిప్పుతారు. బాణం జెండాకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని ఎక్కువ పాయింట్లు. తాడు కొసకు కూడా అందని బాణానికి ఏమీ రాదు. వానలో తడిసిన గడ్డిలోంచి దాన్ని పీక్కుని తెచ్చుకోవడమే.

సెప్టెంబరు పోటీలో రోజంతా వేసినా ఒక్క బాణమూ తాడుకు అందని మగవాడు మరుసటి ఏడాది నుంచి ముందు గీత మీద నిలబడాలి. అలాగని ఎవరూ అతనికి చెప్పరు. ఏప్రిల్‌లో పేర్లు పిలిచేటప్పుడు కెప్టెన్ ఆంబ్రోస్ టిల్ అతని పేరును ఆడవాళ్ల పేర్లతో కలిపి పిలుస్తాడు, అంతే.

ముందు గీత మీద నారిస్ భార్య గ్లెనిస్ ఉంటుంది. లారీని వెనక్కి నడపడం దగ్గర నుంచి గుడ్డు ఉడకబెట్టడం దాకా పెళ్లయినప్పటి నుంచీ ఆయన ప్రతి పనీ ఆమె సలహా వింటూనే చేశాడు. వారానికి ఒక్క పూట, ఆయన వంతు నడిచినంతసేపు, ఆమె మైదానం పక్కన షెడ్డులో టీ పోస్తూ ఉండేది. అంత దూరం నుంచి మాట వినిపించదు. ఆయనకు వెనక గీత మీద ఉన్న ప్రేమకు ఇదొక్కటే కారణం అనను గానీ, ఇది చిన్న కారణం కాదు.

జెండాకు గురిపెట్టడం కుదరదు. అంత ఎత్తున విల్లు పడితే జెండా చేతి వెనక దాగిపోతుంది. అందుకని ఎవరికి వారు జెండాకు ఆవల ఎత్తుగా ఉన్నదాన్ని దేన్నో గుర్తు పెట్టుకుని, బాణం మొనను దాని మీద ఆనిస్తారు. నారిస్ గుర్తు వాగు ఒడ్డున ఉన్న పాప్లార్ చెట్ల వరసలో మూడో దాని కొన. క్లబ్బులో చేరినప్పటి నుంచీ అదే.

"అదే విల్లు, అదే కొన, అదే జెండా," అనేవాడు పబ్బులో. "ముప్పయ్యో ఏట ఉన్న చెయ్యే ఇప్పుడూ ఉంది. కొందరికి అలా రాసిపెట్టి ఉంటుందంతే."

ఆయన అరవై దాటిన ఏడాది ఏప్రిల్‌లో మొదటి ఆదివారం బాణాలన్నీ జెండాకు ఇరవై గజాలు ఇవతలే పడ్డాయి. ఎదురుగాలి అన్నాడు. గాలి వెనక నుంచి వీస్తోందని ఎవరూ గుర్తు చేయలేదు. మే నెలలో నారి సాగిపోయిందని కొత్తది వేశాడు. జూన్‌లో బాణాల వెనక ఈకలను కత్తెరతో సన్నగా కత్తిరించాడు. జూలైలో తేలికపాటి బాణాలు చేయించుకున్నాడు. అవి మునుపటికన్నా ఎంతో అందంగా ఎగిరి అక్కడే పడ్డాయి.

ఆ రోజు టీ దగ్గర ఆంబ్రోస్ మెల్లగా కదిపాడు. "ఏమయ్యా, గురి కాస్త కిందికి పెడుతున్నావేమో?"

"కింద లేదు, మీద లేదు. ఎప్పుడూ పెట్టేచోటే. మూడో పాప్లార్ కొన."

ఆంబ్రోస్ చెట్ల వైపు చూశాడు. తరువాత గ్లెనిస్ వైపు చూశాడు. తరువాత తన కప్పులోకి చూసుకున్నాడు.

"ఆ కొన కొట్టేశారు కదా," అంది గ్లెనిస్. "ఫిబ్రవరిలో. కరెంటు తీగలకు తగులుతున్నాయని మొత్తం వరసకు కొనలు నరికారు. ఆ రంపం మోతకు నిద్ర పట్టడంలేదని రోజంతా నా ప్రాణం తీశావు. మర్చిపోయావా?"

నారిస్ లేచి నిలబడి వాగు వైపు చాలాసేపు చూశాడు. ఆయన ముఖం విప్పారింది. "అంటే నా తప్పు కాదు! చెట్టుది!"

అప్పటికప్పుడు విల్లు తీసుకుని గీత మీదకు వెళ్లాడు. కొన ఇంతకుముందు ఉన్న చోట, అంటే ఖాళీ ఆకాశంలో, గురిపెట్టి వేశాడు. ఒక బాణం వాగులో పడింది. ఒకటి ఆడవాళ్ల గీతను దాటడానికే ఇబ్బంది పడింది. ఇంకొకటి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. ఆకాశంలో గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేదు.

గ్లెనిస్ వచ్చి పక్కన నిలబడింది. "నువ్వు చేరినప్పుడు ఆ చెట్లెంత ఎత్తుండేవి?"

"ఎంతో ఏం కాదు. ఈ షెడ్డుకు రెండింతలుండేవేమో."

"నరికే ముందు?"

ఆయన తల పైకెత్తి, మొండి చెట్ల పైన ఉన్న ఖాళీని కొలుస్తున్నట్టు చూశాడు.

"ఏటా చెట్టు పెరిగింది. ఏటా నువ్వు గురి పైకెత్తావు. నీ చెయ్యి అలాగే ఉండుంటే నీ బాణాలు ఎప్పుడో వాగు దాటి ఆవులకు గుచ్చుకునేవి. అలా గుచ్చుకోలేదంటే..."

"చాల్లే, అర్థమైంది."

ఇంటికి వెళ్లేటప్పుడు లారీలో ఆయనకు అదే ఆలోచన. ఇన్నేళ్లూ తన బలమనుకున్నది చెట్టుది. రాత్రి భోజనంలో ఆయన పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పైని సగమే తిన్నాడు. అలా జరగడం అదే మొదటిసారి కాబట్టి గ్లెనిస్ మిగతా సగం తీసి అలమరలో పెట్టి, మూలనున్న పొడుగు కర్ర చీపురు అందుకుంది.

"లే. స్వెట్టరు తొడుక్కో."

"ఎందుకు?"

చీపురు కర్రను స్వెట్టరు ఒక చేతిలోంచి తోసి, వీపు మీదుగా రెండో చేతిలోంచి బయటికి తీసింది. నారిస్ పొలంలో దిష్టిబొమ్మలా చేతులు చాపి నిలబడ్డాడు.

"నువ్వు ఎత్తు కోసం ఒక్క చెయ్యే లేపుతున్నావు. చెయ్యి లేచేకొద్దీ భుజం ముడుచుకుంటుంది, నారి పూర్తిగా లాగలేవు. నాలుగు వేళ్లంత తక్కువ లాగుతున్నావు. అందుకే బాణానికి ఊపు లేదు. ముందు నేరుగా నిలబడి పూర్తిగా లాగు. ఆ తరువాత నడుము దగ్గర వంగు. కర్ర ఎటు వాలితే చేతులు రెండూ అటే."

"నా నడుము వంగదు."

"ట్యాంకు మూత తీసేటప్పుడు వంగుతుందిగా."

"దానికి డబ్బులిస్తారు."

ఆగస్టు అంతా ఆయన పొద్దున్నే పెరట్లో చీపురు కర్రతో అటూ ఇటూ వాలుతూ కనిపించాడు. పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీస్తూ "ఏమైనా జబ్బా?" అని అడిగింది. "క్లౌట్," అన్నాడు. ఆవిడ అర్థమైనట్టు తలూపింది.

ఇంకొక జబ్బు కూడా గ్లెనిస్ పట్టుకుంది. బాణం వదలగానే అది ఎటు పోతోందో చూడాలని ఆయన విల్లు పట్టిన చెయ్యి దించేసేవాడు. దించడంలో బాణం తోక కూడా కాస్త దిగేది.

"వదిలాక చెయ్యి అలాగే ఉంచు."

"ఎంతసేపు?"

"నేను చెప్పేదాకా."

సెప్టెంబరు పోటీ రోజు సన్నగా వాన. మధ్యాహ్నం దాకా నారిస్ బాణాలు కొన్ని జెండా దాటాయి, కొన్ని కుడికి పోయాయి. ఇవతల పడ్డవి తక్కువే గానీ తాడుకు అందినది ఒక్కటీ లేదు. ఆంబ్రోస్ ఆయన కళ్లలోకి చూడడం మానేశాడు. చివరి వంతులో చివరి బాణం మిగిలింది. గ్లెనిస్ శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని షెడ్డులోంచి వచ్చి ఆయన వెనక నిలబడింది. నారిస్ నేరుగా నిలబడి నారి పూర్తిగా లాగి, నడుము దగ్గర వాలి, మొండి పాప్లార్ మీద మొన ఆనించి వదిలాడు.

బాణం పడింది. ఆడవాళ్లు వేశారు. అందరూ జెండా వైపు నడిచారు. నారిస్ మాత్రం చెయ్యి చాపుకుని గీత మీదే ఉన్నాడు.

తాడు మొదటిసారి తిప్పినప్పుడు మడత పడిందని ఆంబ్రోస్ మళ్లీ తిప్పాడు. తాడు కొస నారిస్ బాణాన్ని రాసుకుంటూ పోయింది.

"హెబ్డెన్, ఒకటి," అని గట్టిగా పిలిచాడు. పలకాల్సిన మనిషి అక్కడ లేడు.

గ్లెనిస్ వెనక్కి తిరిగి చూసింది. "అయ్యో, చెప్పడం మర్చిపోయాను!" అంది. "నారిస్! ఇక దించు!"

రాత్రి ఆయన పోర్క్ పై మొత్తం తిన్నాడు. తిన్నాక పళ్లెం పక్కకు జరిపాడు.

"భుజం సంగతి నీకెప్పటి నుంచి తెలుసు?"

"పదేళ్లయి ఉంటుంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"బాణాలు అందుతూనే ఉన్నాయిగా."

"ఇప్పుడు నేను నా గీత పోగొట్టుకుంటానని జాలేసిందా?"

గ్లెనిస్ కప్పులో పాలు పోసుకుంది. "జాలా? లేదు. నువ్వు నా గీత మీదకు వస్తే, ఈ నారి సాగింది, ఆ గాలి ఎదురొచ్చింది అని నా చెవిలో మొదలుపెడతావు. వారానికి ఆ ఒక్క పూటే నాకు ప్రశాంతంగా ఉంటుంది."

నారిస్ ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. టీ కెటిల్ ఆమె వైపు జరిపాడు.