శ్రీసుధ ఎంచుకున్న బ్లాక్

శ్రీసుధకి ఏ వస్తువైనా మూత తీసి లోపల చూస్తేగానీ నిద్రపట్టదు. ఉద్యోగం బర్ దుబాయ్‌లో ఆడిటింగ్. మనసంతా మాత్రం తన పాత రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మీదే. ఆఫీసుకీ అదే, సెలవురోజు ఫుజైరా కొండదారికీ అదే. ఆ వేసవిలో ఇంజిన్ వేడెక్కి, దానికి ఒళ్లనదగ్గ లోహపు దిమ్మె, సిలిండర్లుండే బ్లాకే బీటవారి, కారు రికవరీ బండెక్కింది.

"నీ కారు ఇంకోసారి రికవరీ ఎక్కిందంటే అమ్మేస్తాను. నా ఫ్రెండు కృష్ణచైతన్య కొంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు," అన్నాడు భర్త మహీధర్. అన్నంత పనీ చేసే మనిషి.

మర్నాడే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత ఇంజిన్లమ్మే ఖాదర్ హుస్సేన్ దగ్గరికెళ్లింది. జగిత్యాల మనిషి, మాటకారి.

"ఇనుప బ్లాకు తీస్కపోండ్రి మేడమ్, ఎండకు ఆగుతది."

"ముక్కు బరువైపోతుందండీ, మలుపుల్లో కారు నా మాట వినదు. అల్యూమినియమే కావాలి."

రెండు తెప్పించాడు. ఒకటి తళతళలాడుతోంది, రెండోది జిడ్డోడుతూ నల్లగా ఉంది.

"గీ మెరిసేది రేసుల బండిది. సిలిండర్లు కోసి పెద్దగ చేసిన్రు, పవర్ మస్తుంటది. బిగించినంక వాపస్ లేదు, ఖలాస్."

పవరంటే ఎవరికి చేదు! ఆమెకీ నోరూరింది. అయినా అడక్కుండా ఉండలేదు కదా.

"మరి ట్రాఫిక్ జామ్‌లో నిలబడితే?"

ఖాదర్ పకపకా నవ్వాడు. "రేసుల జామ్ యాడుంటది మేడమ్?"

అదీ సంగతి! కోతకి గోడలు పలచబడ్డ ఆ సిలిండర్లు సాయంత్రపు దుబాయ్ జామ్‌లో వేడికి ఏం నిలబడతాయి? నల్లదాని వైపు తిరిగింది. పైముఖం మీద స్టీలు స్కేలు ఆనించి, వెనక ఫోన్ లైటు పట్టింది. స్కేలు కిందనుంచి వెలుగు రాలేదు, బ్లాకు వేడికి వంగలేదన్నమాట. నీళ్లు తిరిగే దారుల్లోకి తొంగిచూసింది. పులుసు నిలవుంచిన అల్యూమినియం గిన్నెలా గుంటలు పడ్డాయేమోనని భయం. నున్నగా ఉన్నాయి.

"ఇంజిన్ చూస్తున్నరా, పెండ్లి సంబంధమా మేడమ్?"

"సంబంధానికి ఇంత చూడలేదండీ!"

నల్లదే బిగించారు. ఆగస్టులో ఒక సాయంత్రం మొగుడూపెళ్లాలిద్దరూ షార్జానుంచి వస్తూ జామ్‌లో ఇరుక్కున్నారు. వేడి చూపే ముల్లు పైకి లేస్తోంది. మహీధర్ దానికేసే చూస్తున్నాడు. ముల్లు సగానికొచ్చి ఆగింది. అరగంటైనా కదల్లేదు.

అప్పుడే కృష్ణచైతన్య ఫోను, స్పీకర్లో. "ఏరా, కారు నాకిచ్చేస్తున్నావా లేదా?"

"అమ్మేది లేదురా," అన్నాడు మహీధర్, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "మాకు కావాలి."

ఇన్నాళ్లూ 'నీ కారు' అని దెప్పిన మనిషి! శ్రీసుధకి కళ్లు చెమర్చాయి.