మూడో నల్లద్దం

కళ్ళద్దాల షాపాయనకు తన చూపంటే మహా గీర. ఎండ మిరుమిట్లను ఆపే నల్లద్దాలు కొత్తగా వస్తే, రెండింటిని ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి కిటికీ వైపు పట్టేవాడు. చీకటైపోతే అసలు సరుకు, లేకపోతే నకిలీ. ఆ విద్య తండ్రి నేర్పిందే. ఆ తండ్రి ఉన్నట్టుండి ఒకనాడు కళ్ళు పోయాయంటూ పనిముట్లు కొడుకు చేతిలో పెట్టి, వెనక గదిలో కుర్చీకి అతుక్కుపోయాడు. ఎదుటి గోడ మీద చీమ పాకితే చెప్పగలడు గానీ, అద్దం మాత్రం ముట్టుకోడు. ఎందుకని అడిగితే మాట దాటేస్తాడు.

ఒక ఉదయం షాపాయన రెండద్దాలు పరీక్షించి, చెయ్యి ఊరుకోక వాటి మధ్యకు మూడోదాన్ని ఏటవాలుగా దూర్చాడు. చీకటి ఇంకా చిక్కబడాలి కదా. కిటికీ కనిపించింది! మధ్యది తీస్తే చీకటి, పెడితే వెలుగు. తండ్రి కళ్ళలాగే తన కళ్ళూ పోయాయి, ఇక షాపు మూసుకోవడమే. ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయాడు.

కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే కూతురు ఆయన మొహం చూసి పసిగట్టింది. నోరు విప్పించేదాకా వదల్లేదు. విన్నాక అద్దాలు అందుకుని తానూ కిటికీకేసి చూసింది.

"నాకూ కనిపిస్తోంది నాన్నా. నీ కళ్ళకేం కాలేదు. మొదటి అద్దం, నువ్వు ఊగేది నిలువునా అడ్డంగానా అని వెలుగును అడుగుతుంది. ఏటవాలుది ఇటు వాలావా, అటు వాలావా అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పిన వెలుగు దగ్గర పాత జవాబు మిగలదు. అందుకే కొంత వెలుగు చివరి అద్దం దాటేస్తుంది."

"అంటే, మర్చిపోతుందా?"

"ఆ రెండు జవాబులూ దాని దగ్గర ఒకేసారి ఉండనే ఉండవు. ఎంత మంచి అద్దం చేసినా అంతే."

ఆయన అద్దాలు అందుకుని మళ్ళీ కిటికీకేసి పట్టాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేతుల్లో ఆడుతున్న వెలుగు ఇంత వింతదా! అంతలో ఏదో తట్టి, మూడద్దాలూ పట్టుకుని వెనక గదికి పరుగెత్తాడు. ఏమీ చెప్పకుండా తండ్రి కళ్ళ ముందు పట్టాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. చెయ్యెత్తి కొడుకు తల నిమిరాడు.

"ఆనాడు నాకొచ్చిన జబ్బే నీకూ వచ్చిందట్రా?"

"జబ్బు కాదు నాన్నా. వెలుగు తీరే అంత."

పెద్దాయన మధ్య అద్దం తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత కుర్చీలోంచి మెల్లగా లేచి, కిటికీ ఉన్న షాపు గదిలోకి నడిచాడు.