పడే ఆట

2023లో జూబ్లీ హిల్స్‌లోని ఒక పిల్లల క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఫిల్మ్ నగర్ నుంచి మంజుల అనే ఆమె తన కూతురు అక్షరను తీసుకొచ్చింది. ఏడాదిన్నర పిల్ల. మంచం పట్టుకుని పక్కకు అడుగులేస్తుంది. దాన్ని మేం క్రూజింగ్ అంటాం. చేయి వదిలితే మాత్రం కూలబడి ఏడుస్తుంది. డాక్టరుగారు పరీక్షించి లోపమేమీ లేదన్నారు.

ఇల్లు చూస్తే గానీ అర్థం కాదనిపించి వెళ్లాను. తండ్రి శ్రీశైలం సినిమాల్లో ఫైటర్. కొన్ని నెలల కిందట షూటింగ్‌లో పైనుంచి పడి తుంటి విరిగింది. ఎముక అతుక్కున్నా ఇంకా చేతికర్రతోనే నడుస్తున్నాడు. పాప కాస్త తూలితే చాలు, గట్టిగా అరుస్తున్నాడు. ఆ అరుపుకే పిల్ల బెదిరి కూర్చుండిపోతోంది.

నేల మీద దిండ్లు పరిచి పాపను వాటి మీద పాకించాను. నిలబెట్టి, బొమ్మ కోసం అటూ ఇటూ వంగేలా చేశాను. తూలి సర్దుకుంటేనే ఒంటికి బ్యాలెన్స్ అలవాటవుతుందని చెప్పాను. శ్రీశైలం ఒప్పుకోలేదు.

"ఇంట్ల నేనొక్కన్ని పడ్డది చాలదా మేడం?" అన్నాడు.

దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన బిడ్డను ఎత్తుకోనేలేదని, చేతుల్లోంచి జారిపోతుందని భయమని మంజుల మెల్లగా చెప్పింది. నేను వాదించలేదు. నేల మీద కూర్చుని ఆడితే ఎవరూ ఎక్కడి నుంచీ జారరని చెప్పి, ఆయన్ని గోడకు ఆనించి, దిండ్ల మధ్య కూర్చోబెట్టాను.

తర్వాతి వారం వెళ్లినప్పుడు, నా ముందే పాప తూలి దిండు మీద పడింది. ఏడవబోతూ మూతి వంకర పెట్టింది. అరవబోయిన శ్రీశైలం ఆగిపోయాడు. ఒక క్షణం ఆలోచించి, దెబ్బ తగలని వైపుకు తనూ మెల్లగా ఒరిగిపోయాడు, కెమెరా ముందు పడ్డట్టే కళ్లు తేలేసి. పాప తెల్లబోయి చూసి, కిలకిలా నవ్వింది. మళ్లీ పడమని చొక్కా లాగింది. ఆ తర్వాత కావాలనే తనూ పడింది. మంజుల ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ ఇంట్లో రోజూ అదే ఆటయింది. కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, అక్షర మంచం వదిలేసి, చేతులు చాపి, ఊగుతూ, దిండ్ల మధ్య కూర్చున్న నాన్న వైపు నడిచింది. సగం దూరంలో పడింది. ఎవరూ అరవలేదు.

"పడితే ఏమైతది బిడ్డా, లేచి రా" అన్నాడు శ్రీశైలం.

లేచి వచ్చింది. ఆయన రెండు చేతులతో ఎత్తి గుండెకు హత్తుకున్నాడు.

అప్పటి నుంచి, ఆలస్యంగా నడిచే పిల్లలు ఎవరొచ్చినా ముందు కాళ్లు పరీక్షిస్తాను. తర్వాత ఆ ఇంట్లో పెద్దవాళ్లకు దేనికి భయమో అడుగుతాను.